మీ ప్రశ్నలు, మా జవాబులు: సముద్రపు అడుగు సంగతి

గోదావరి డెల్టా ఊళ్ల నుంచి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో సముద్రపు అడుగు గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. నీటిపైన కనిపించే తెట్టు గురించి, ఒడ్డుకు కొట్టుకొచ్చే చెత్త గురించి అందరమూ మాట్లాడుకుంటాం. అడుగున ఉన్న బురద నేల గురించి అడిగేవారు అరుదు కనుక, ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది రెండు తరాలుగా బోటు వేట. బోటు వెనక అడుగున ఈడ్చే ట్రాలు వల సముద్రపు అడుగును దున్నేసి పాడుచేస్తుందని సభల్లో చెబుతుంటారు. మా మేనమామలకు కోనసీమలో పొలం ఉంది. దున్నకపోతే పొలం పండదు. పొలానికి మేలు చేసే దుక్కి సముద్రానికి కీడెలా అవుతుంది? (ఒక బోటు యజమాని, జగన్నాథపురం, కాకినాడ)

జవాబు: మీ సందేహం న్యాయమైనది. "దున్నడం" అనే మాటను సభల్లో వాడేవారు దాన్ని సగమే వివరిస్తారు కాబట్టి నేను కొంచెం విస్తరంగా రాస్తాను.

పొలాన్ని దున్నే రైతు ఏడాదికి ఒకటి రెండుసార్లు, విత్తడానికి ముందు దున్నుతాడు. దుక్కి వల్ల మన్ను గుల్లబారి, గాలి లోపలికి అంది, వేరు దిగడానికి వీలవుతుంది. సముద్రపు బురదలో పరిస్థితి వేరు. అక్కడ ప్రాణవాయువు పైపొరలో, చాలాచోట్ల కొన్ని మిల్లీమీటర్ల మందంలో మాత్రమే ఉంటుంది. దాని కింద నల్లటి, కుళ్లిన గుడ్ల వాసన వేసే బురద ఉంటుంది. ఆ నల్లటి పొరలోకి గాలిని, నీటిని తీసుకెళ్లే పని చేసేవి వానపాములకు దగ్గరి చుట్టాలైన సముద్రపు పురుగులు, బొరియలు తవ్వే పీతలు, రొయ్యలు, గుల్లలు. అవి బొరియలు తవ్వి, ఆ బొరియల గుండా నీటిని ఆడించి, తిన్న మట్టిని పైకి విసర్జించి, రాత్రీ పగలూ నేలను తిరగేస్తూ ఉంటాయి. అంటే సముద్రపు అడుగుకు దుక్కి లేదని కాదు, అక్కడ దున్నేవారు ముందునుంచే ఉన్నారు. ట్రాలు వల నోటిని తెరిచి ఉంచే బోర్డులు, వల కింది అంచున ఉండే బరువైన గొలుసు ఆ దున్నేవారినే చంపి, వారి బొరియలను పూడ్చి, నేలను చదును చేసి వెళ్తాయి. ఆ తర్వాత అక్కడ విత్తేవాడూ ఎవడూ లేడు.

ఎంత నష్టం అన్నదానికి కూడా కొంత లెక్క ఉంది. వేర్వేరు దేశాల్లో జరిగిన ప్రయోగాలను ఒకచోట చేర్చి 2017లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, మీరు వాడే తరహా బోర్డుల వల ఒకసారి లాగితే సగటున 2.4 సెంటీమీటర్ల లోతు వరకు బురదలోకి దిగుతుంది, ఆ దారిలోని అడుగు జీవుల్లో సుమారు 6 శాతం పోతాయి. గుల్లలను నీటి ధారతో తవ్వి తీసే యంత్రాలైతే 16 సెంటీమీటర్లకు పైగా దిగి, ఒక్క విడతలోనే 41 శాతాన్ని తీసుకుపోతాయి. 6 శాతమే కదా అని మీరు అనవచ్చు. మంచి రొయ్య దొరికిన చోటికే బోట్లన్నీ మళ్లీ మళ్లీ వెళ్తాయన్నది నాకంటే మీకే బాగా తెలుసు. కోలుకునే వ్యవధి ఇవ్వకుండా అదే దారిలో పదిసార్లు వల లాగితే మిగిలేది సగానికి కాస్త ఎక్కువ. పోయేవి కూడా అన్నీ సమానంగా పోవు. కొన్ని వారాల్లోనే పిల్లలు పెట్టే చిన్న పురుగులు త్వరగా తిరిగి వస్తాయి. ఏళ్ల తరబడి బతికే గుల్లలు, నక్షత్ర చేపలు, పెద్ద బొరియలు తవ్వే జీవులు రావు. అలా నేల నెమ్మదిగా చిన్న జీవుల నేలగా మారిపోతుంది. దాని మీద బతికే చేప కూడా చిన్నదవుతుంది.

మీ పక్షాన చెప్పవలసిన మాట కూడా ఒకటి ఉంది. వల వెళ్లిన దారిలో కాసేపటికి చేపలు గుమిగూడతాయని బోట్లవారు చెబుతారు, అది నిజమే. బురదలోంచి పైకి లేచిన, గాయపడిన పురుగులను తినడానికి అవి వస్తాయి. వరి కోత కోసిన చేలో కొంగలు వాలినట్టే అది, పంట పెరిగిందనడానికి గుర్తు కాదు. ఇంకొక మాట: గోదావరి వరదలూ, తుపానులూ ఏటా కదిలించే లోతు తక్కువ బురదలోని జీవులు ఆ కుదుపులకు అలవాటు పడినవే, కనుక అవి వలను కూడా కొంత తట్టుకుంటాయి. అలలు అంతగా తాకని లోతైన ప్రశాంతమైన బురదలో దెబ్బ ఎక్కువ కాలం ఉంటుంది. అయితే లోతు తక్కువైన ఒడ్డు నీళ్లే రొయ్య పిల్లలు పెరిగే చోటు కూడా. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు యంత్రపు బోట్లు వేటాడరాదని రాష్ట్ర నిబంధనల్లో ఉన్నది సంప్రదాయ నావలవారి కోసమే అయినా, ఆ గీత వల్ల అడుగుకూ మేలు జరుగుతుంది. పాటించినప్పుడే సుమండీ.

ప్రశ్న: ఏటా 61 రోజులు వేట ఆపుతున్నాం. ఆ విరామం సముద్రపు అడుగు కోలుకోవడానికి చాలదా? (ఒక మత్స్యకారుడు, భైరవపాలెం)

జవాబు: చాలదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా అమలయ్యే ఆ నిషేధం చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టినది. దాని లక్ష్యం చేప, నేల కాదు. పై జవాబులో చెప్పిన విశ్లేషణే అడుగు జీవరాశి తిరిగి సాధారణ స్థితికి దగ్గరగా రావడానికి సుమారు 2 నుంచి 6 ఏళ్లు పడుతుందని లెక్కగట్టింది. రెండు నెలల విరామంలో తొందరగా పుట్టే పురుగులు లేస్తాయి, నీరు తేటపడుతుంది. గుల్లల పడక మాత్రం లేవదు. జూన్ 15 తెల్లవారుజామున అన్ని బోట్లూ ఒకేసారి బయలుదేరి అవే తావులకు వెళ్లడం వల్ల రెండు నెలల్లో లేచినది కూడా కొద్ది రోజుల్లోనే మళ్లీ నలుగుతుంది.

అడుగు కోలుకోవాలంటే రోజులను కాక కొన్ని తావులను వదలాలన్నది నా అభిప్రాయం. హాంకాంగ్ 2012 డిసెంబరు 31 నుంచి తన జలాలన్నిటిలోనూ ట్రాలింగ్‌ను ఆపివేసింది. కొన్నేళ్లలోనే అక్కడి అడుగు జీవుల సంఖ్య, రకాలు పెరిగినట్టు పరిశోధకులు గుర్తించారు. అయితే అక్కడి ప్రభుత్వం బోట్లను డబ్బిచ్చి కొనుక్కుని మరీ ఆ పని చేసిందన్న సంగతిని మన దగ్గర ఈ ఉదాహరణ చెప్పేవారు దాటవేస్తుంటారు. ఇండోనేషియా అంతకు ముందే, 1980లో, తన జలాల్లో చాలా భాగానికి ట్రాలర్ల నిషేధం తెచ్చింది. అది పెద్ద బోట్లకూ చిన్న నావలకూ మధ్య జరిగిన కొట్లాటల ఫలితం. అడుగు మీద ప్రేమతో తెచ్చినది కాదు.

ప్రశ్న: పోర్టు కాలువను లోతు చేయడానికి తవ్విన బురదను ఎక్కడ వేస్తారు? సముద్రంలోని మన్నును సముద్రంలోనే వేస్తే నష్టమేముంది? (ఒక గృహిణి, కాకినాడ)

జవాబు: కాకినాడ అఖాతం స్వభావరీత్యా లోతు తక్కువది. గోదావరి తెచ్చిన మన్నుతో రెండు శతాబ్దాల కాలంలో పెరిగిన ఇసుక మేట, మనం హోప్ ఐలాండ్ అని పిలిచేది, సుమారు 16 కిలోమీటర్ల పొడవున అలలకు అడ్డుగోడగా నిలబడింది. ఆ గోడ వెనుక నీరు ప్రశాంతంగా ఉంటుంది కాబట్టే ఇక్కడ రేవు వెలిసింది. ఆ ప్రశాంతత వల్లనే బురద కూడా అక్కడే దిగుతుంది. పాత రోజుల్లో ఓడలు దూరంగా లంగరు వేస్తే బార్జీలు సరుకు మోసేవి, ఇప్పటికీ లంగరు రేవులో అదే పద్ధతి ఉంది. 1997లో లోతు నీటి రేవు మొదలయ్యాక ఓడ రేవు గట్టు దాకా రావాలి కనుక కాలువ తవ్వక తప్పలేదు. తవ్విన చోట మళ్లీ బురద చేరుతుంది కనుక ఏటేటా తవ్వకా తప్పదు.

తవ్విన మన్నును సాధారణంగా ఓడలో నింపి దూరంగా, నిర్ణయించిన లోతులో వదులుతారు, లేదా గొట్టాలతో ఒడ్డు మీదికి తోలి పల్లపు నేలను మెరక చేస్తారు. మన్ను అదే అయినా నష్టం రెండు విధాలుగా ఉంటుంది. మొదటిది బరువు. వందల టన్నుల బురద ఒక్కసారిగా మీద పడితే అడుగునున్న గుల్ల ఊపిరాడక చస్తుంది. కొన్ని సెంటీమీటర్ల మందమైతే పురుగులు పైకి పాకి బతుకుతాయి, అంతకంటే ఎక్కువైతే చాలావాటికి అది సమాధే. రెండవది ఆ మన్నులో దాగి ఉన్నది. రేవు బురద అంటే ఒక్క గోదావరి బురదే కాదు. నగరపు మురుగు కాలువలు, ఫ్యాక్టరీల నీరు, ఓడల నూనె, ఓడ అడుగుకు పూసే రంగు అన్నీ ఏళ్ల తరబడి ఆ మెత్తని మట్టి రేణువులకు అతుక్కుని కిందికి దిగుతాయి. ఓడలకు నాచు, గుల్ల పట్టకుండా పూసే రంగుల్లో కొంతకాలం వాడిన తగరపు సమ్మేళనం ఒకటి ఆడ నత్తలకు మగ అంగాలు మొలిపించేంత విషం. ప్రపంచవ్యాప్తంగా దాన్ని నిషేధించే ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చింది. కానీ పాత రంగు పెచ్చులు రాలి పడిన రేవుల బురదలో అది ఇంకా ఉంటుంది. కదపనంత కాలం అడుగున పడి ఉండే విషాన్ని తవ్వకం మళ్లీ నీటిలోకి లేపుతుంది.

కదపాలా, వదిలేయాలా అన్న ఈ చిక్కుకు జపానులోని మినమాటా అఖాతం పెద్ద ఉదాహరణ. అక్కడి రసాయన ఫ్యాక్టరీ వదిలిన పాదరసం అడుగు బురదలో చేరి, చేపల ద్వారా మనుషులకు ఎక్కి, వేలమందిని మంచాన పడేసింది. ఆ బురదను ఏం చేయాలన్న చర్చ ఏళ్లపాటు సాగి, చివరికి 1977 నుంచి 1990 వరకు సుమారు 15 లక్షల ఘనపు మీటర్ల బురదను తీసి, అఖాతంలో ఒక మూలను గోడకట్టి అందులో పోసి, పైన మంచి మన్ను కప్పారు. అలా ఏర్పడిన 58 హెక్టార్ల నేల ఇప్పుడు పార్కు. కాకినాడ బురద మినమాటా బురద అని నేను అనడం లేదు. అయితే తవ్వే ముందు బురదలోని లోహాలను పరీక్షించడం, ఆ ఫలితాన్ని ఊరివారికి తెలిసే భాషలో ప్రకటించడం పెద్ద ఖర్చుతో కూడిన పనులేమీ కావు. పర్యావరణ అనుమతికి ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో అందరూ ఉద్యోగాల గురించి అడుగుతారు. మీరు బురద పరీక్ష నివేదిక గురించి అడిగి చూడండి.

ప్రశ్న: సముద్రం లోపల వేసిన గ్యాస్ పైపుల వల్ల అడుగు పాడవుతోందా? (ఒక పాఠకుడు, గాడిమొగ)

జవాబు: మీ ఊరికి 2009 నుంచి లోతు సముద్రపు గ్యాస్ వస్తోంది. ఓడలరేవు, సూరసానియానాం తీరాల్లోనూ సముద్రపు గ్యాస్ ఒడ్డుకు చేరే ఇలాంటి టెర్మినళ్లు ఉన్నాయి. పైపు వేసేటప్పుడు తవ్విన కాలువ వెంబడి నష్టం జరుగుతుంది, తర్వాత చాలావరకు మానుతుంది. గ్యాస్ బావి తవ్వేటప్పుడు బయటికి వచ్చే రాతి పొడి, దానితో కలిసిన డ్రిల్లింగ్ బురద బావి చుట్టూ కొన్ని వందల మీటర్ల మేర అడుగును కప్పేస్తాయి. లోతు సముద్రంలో చలి, చీకటి, మేత కొరత కారణంగా జీవులు చాలా నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి అక్కడ కోలుకోవడం ఒడ్డు దగ్గరకంటే ఎంతో ఆలస్యం. ఇందులో ఒక వింత ఉంది. సముద్రంలో గ్యాస్ తీసే ప్లాట్‌ఫారాల చుట్టూ 500 మీటర్ల వరకు భద్రతా వలయం పెడతారు, బోట్లు అందులోకి రాకూడదు. వేటగాళ్లకు అది నష్టమే, పరిహారం అడగడం న్యాయమే. కానీ వల పడని ఆ వలయం అడుగు జీవులకు అనుకోని ఆశ్రయమైంది.

ప్రశ్న: గోదావరి మీద ఆనకట్టలు పెరిగి సముద్రానికి మన్ను తగ్గిందని చదివాను. మన్ను ఎక్కువైతే పూడిక అంటారు, తక్కువైతే నష్టం అంటారు. ఏది సరి? (ఒక డిగ్రీ విద్యార్థిని, అమలాపురం)

జవాబు: రెండూ సరే, అమ్మా. మీ ఊరు నిలబడి ఉన్న నేల ఒకప్పుడు సముద్రపు అడుగే. గోదావరి తెచ్చి పోసిన మన్ను అలలు కోసే మన్నుకంటే ఎక్కువగా ఉన్నన్నాళ్లూ డెల్టా ముందుకు పెరిగింది. 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీటిని మళ్లించింది గాని వరద మన్నును పెద్దగా ఆపలేదు. ఇరవయ్యో శతాబ్దంలో ఎగువన జలాశయాలు వరసగా వచ్చాక కథ మారింది. ధవళేశ్వరం దగ్గర లెక్కించిన మన్ను 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులుంటే, 1990లకల్లా 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగిలినదానిలో చాలా భాగం జలాశయాల అడుగున చేరుతోంది.

మన్నుతోపాటు ఏం తగ్గిందన్నది ఇక్కడ ముఖ్యం. వరద మన్ను అంటే ఇసుకా బంకమట్టీ మాత్రమే కాదు, అడవి ఆకు, పొలం పోషకం, సిలికా కూడా. అడుగు జీవులకు అది ఏటా అందే బువ్వ. అది తగ్గినప్పుడు తీరం కోతకు గురవుతుంది, ఒడ్డు దగ్గర అడుగు నిటారుగా మారుతుంది, అలలు విరగకుండా ఒడ్డు దాకా వచ్చి కొడతాయి. కాకినాడ దగ్గరి ఉప్పాడ తీరం కోతకు హోప్ ఐలాండ్ పెరుగుదల వల్ల అలల దారి మారడం ఒక కారణంగా చెబుతారు గాని, మన్ను కరవు కూడా దానికి తోడైంది. అక్కడ ఇసుక నింపిన పెద్ద గొట్టాలతో గోడ కట్టారు, అది కుంగింది, రాళ్లు పోశారు, రోడ్డు మళ్లీ తెగింది. పూడిక రేవు కాలువలో అక్కరలేని చోట పడుతోంది, కావలసిన చోట పడటం లేదు. కాలువ నుంచి తీసిన దానిలో శుభ్రమైన ఇసుక ఉంటే దాన్ని దూరంగా పారేయకుండా కోతపడే తీరానికి తోలడం ఒక మార్గం. విశాఖపట్నంలో రేవు దగ్గర తవ్విన ఇసుకను బీచికి తోలడం చాలా ఏళ్లుగా ఉన్నదే. బురదకు మాత్రం ఆ మార్గం పనికిరాదు.

ప్రశ్న: మా చెరువుల నీరు కాలువల్లో కలిసి, అంత దూరం ప్రయాణించి సముద్రంలో పడేసరికి పలచబడిపోదా? (ఒక రొయ్యల రైతు, భీమవరం)

జవాబు: నీరు పలచబడుతుంది, అందులోని మడ్డి పలచబడదు. తినగా మిగిలిన మేత, రొయ్య విసర్జన, చచ్చిన నాచు కాలువ నోటి దగ్గర నీటి వేగం తగ్గగానే దిగిపోతాయి. అక్కడ వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అడుగు నీటిలోని ప్రాణవాయువును లాగేసుకుంటాయి. పట్టుబడి తర్వాత చెరువు అడుగున మీరు చూసే నల్లటి మడ్డే అక్కడా తయారవుతుంది. అది తీయడానికి మీకు ట్రాక్టరు ఉంది, సముద్రానికి లేదు. 2009లో వనామి రకం రొయ్య వచ్చాక మేత వాడకం ఎంత పెరిగిందో మీకు చెప్పనక్కరలేదు. నీటిని వదిలే ముందు కొన్ని రోజులు వేరే గుంటలో నిలిపి మడ్డిని దింపితే చాలా భాగం ఆగుతుంది. దానికి అరెకరం పోతుందని మీరు అంటారు, పోతుంది. కోరింగ వైపు రైతులకు మడ అడవి ఆ పనిని కొంత ఉచితంగా చేసిపెడుతోంది. భీమవరం కాలువలకు ఆ అదృష్టం తక్కువ.

ప్రశ్న: మా తాతగారు అఖాతంలో గుల్లలు ఏరి సున్నపు బట్టీలకు అమ్మేవారు. గుల్లలు పోతే సున్నం తప్ప ఇంకేం పోతుంది? (ఒక పాఠకుడు, తాళ్లరేవు)

జవాబు: కాకినాడ అఖాతంలోని రక్తగుల్ల, అద్దంలా పలచగా ఉండే కిటికీ గుల్ల దేశంలో పేరున్నవి. గుల్ల నీటిని పీల్చి, వడగట్టి, తేటపరచి వదులుతుంది. అంతకంటే ముఖ్యంగా, మెత్తని బురదలో గట్టి వస్తువు అదొక్కటే. చచ్చిన గుల్ల చిప్ప మీద చిన్న ప్రాణులు అతుక్కుంటాయి, చిప్పల సందుల్లో పీత పిల్ల దాక్కుంటుంది. బతికినదాన్ని తిండికి తీసినా, చచ్చిన చిప్పలను కూడా తవ్వి బట్టీకి తోలడం వల్ల ఆ ఆధారం పోతుంది. కాంక్రీటు దిమ్మెలను అడుగున వేసి కృత్రిమ ఆవాసాలు కడతామనే ప్రతిపాదనలు ఇప్పుడు వినిపిస్తున్నాయి. గట్టి ఇసుక నేలలో అవి పనిచేస్తాయి, వలలను కూడా అడ్డుకుంటాయి. మన డెల్టా ముందున్న మెత్తని బురదలో వేస్తే దిమ్మె దిగబడిపోతుంది. తావు చూడకుండా వేయకూడదు.

ప్రశ్న: అడుగు పాడయిందో లేదో మాలాంటివాళ్లకు ఎలా తెలుస్తుంది? మా దగ్గర పరికరాలు లేవు. (ఒక నావ వేటగాడు, బలుసుతిప్ప)

జవాబు: మీ వలే పరికరం. లంగరుకు అంటుకుని వచ్చిన బురదను కడిగేయకుండా ఒక్క నిమిషం చూడండి. పైపొర గోధుమ రంగులో ఉండి, కింద నలుపు మొదలైతే అడుగుకు గాలి అందుతున్నట్టు. పైనుంచే నల్లగా ఉండి కుళ్లిన గుడ్ల వాసన వేస్తే అందడం లేదన్నమాట. బురదను చేతిలో చితిపితే సన్నని గడ్డిపోచల్లాంటి గొట్టాలు తగిలితే అవి పురుగుల ఇళ్లు, మంచి గుర్తు. వలలో వచ్చిన గుల్లల్లో రెండు చిప్పలూ అతుక్కుని మూసుకున్నవి ఎన్ని, విడివిడి చిప్పలు ఎన్ని అని లెక్కపెట్టండి. చిరిగిన నైలాను వల ముక్కలు వస్తే తిరిగి నీళ్లలో వేయకుండా ఒడ్డుకు తెచ్చేయండి, అడుగున పడ్డ వల వేటాడుతూనే ఉంటుంది. ఇవన్నీ తేదీ, చోటు, లోతుతో సహా ఒక నోటుపుస్తకంలో రాయండి. ఫోనులోని జీపీఎస్ అంకెలు చాలు. పక్క నావలవాళ్లు కూడా అలాగే రాస్తే ఇంకా మంచిది. కాకినాడలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారి ప్రాంతీయ కేంద్రం ఉంది. ఒక ఏడాదిపాటు రాసిన పుస్తకాన్ని పట్టుకుని వెళ్లండి, అలాంటి లెక్క వారికీ పనికొస్తుంది. మొదటి పేజీలో మాత్రం మీ నావలో ఏ వల వాడుతున్నారో, దాని కన్ను (రంధ్రం) ఎంత వెడల్పో రాయడం మరవకండి.